మగ్గం కింది చెయ్యి

మగ్గం ముందు కూర్చునేవాళ్ళకి ఒక చెయ్యి ఎప్పుడూ కనపడదు.

మగ్గం అంటే నేతవాళ్ళది కాదు, కుట్టుపని వాళ్ళది. నాలుగు కర్రల చట్రం. దానికి బట్టని డప్పులా బిగించి, పైన కుడిచేత్తో కొక్కెం సూది గుచ్చుతాం. ఎడమచెయ్యి బట్ట కింద ఉండి దారం అందిస్తుంది. సూది దిగగానే అది కొక్కేనికి దారం తగిలించాలి, ఇది పైకి లాగాలి. ఒక గొలుసు పడుతుంది. మళ్ళీ గుచ్చు, మళ్ళీ తగిలించు. కళ్ళు ఎప్పుడూ పైచేతి మీదే. కిందిచేతిని ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో ఆడదాని చాకిరీ లాంటిదే, ఆగిపోతేగానీ ఉందని తెలీదు. దారం రాసుకుని రాసుకుని దాని చూపుడువేలికి ఒక గాటు పడుతుంది. పని మానేస్తే నాలుగు రోజుల్లో పూడిపోతుంది.

ఇంకో ముక్క కూడా ఇక్కడే చెప్పేస్తా, తర్వాత ఓపిక ఉండదు. గొలుసు ఎప్పుడూ సూది పట్టిన చేతి వైపే పడుతుంది. దారం అందించే చేతి వైపు ఉత్త గీత. కుట్టిన బట్ట ఏదైనా సరే, తిప్పి చూస్తే కుట్టినవాళ్ళు ఏ వైపున కూర్చున్నారో తెలిసిపోతుంది.

మా కొట్టు ఇస్త్రీ ఆయన కొట్టుకి వెనక గది. గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, తడిబట్ట మీద పెట్టె పెట్టిన వాసన వస్తూ ఉంటుంది. కిటికీ కింద నా మగ్గం. మూలన మా ఆడపడుచు మిషను. పువ్వులూ పూసలూ నా పని, కత్తిరింపూ అతుకులూ తనవి. తనని అందరూ రేడియో అంటారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మగ్గానికి అవతల వైపు ఒక పీట ఉంటుంది. అది మా ఆయనది. ఆయన పోయాక దాని మీద పూసల డబ్బాలు పెట్టుకుంటున్నాను. పని బానే జరుగుతోంది.

పాటలు పాడే అక్కాచెల్లెళ్ళు ఇద్దరు మా దగ్గరే బట్టలు కుట్టించుకునేవాళ్ళు. వేదిక మీద వేసుకునేవి. మేం పెద్దపిట్ట, చిన్నపిట్ట అనేవాళ్ళం. పెద్దపిట్టకి ఒకసారి ఎర్రగౌను కుట్టాను. దానిమ్మగింజ ఎరుపు. పాదాల దాకా పొడుగు, చెవుల కింద దాకా ఎత్తు మెడపట్టీ, పట్టీ నిండా గొలుసుకుట్టు, మధ్యలో పూసలు. అది తయారవుతున్నన్నాళ్ళూ ఆ పిల్ల రోజూ వచ్చి డబ్బాలు పక్కకి జరిపి ఆ పీట మీద కూర్చునేది. బుగ్గలో లవంగం. "మగ్గం పిన్నీ, నేనందిస్తా" అని బట్ట కింద చెయ్యి దూర్చేది. నేర్చుకుంది కూడా. మధ్యమధ్యలో కూనిరాగం తీస్తూ బట్టకి అడుగునుంచి వేళ్ళతో తాళం వేసేది. పైన పూసలు గెంతేవి. నేను కసిరేదాన్ని. నవ్వి, "దారం సరిపోయిందా, మగ్గం పిన్నీ?" అనేది. లేచి వెళ్ళేటప్పుడు రోజూ అదే మాట.

కచేరీ రోజున, వేదిక ఎక్కకముందే, వెనక ముస్తాబు గదిలో పోయింది. ఆ గౌనులోనే. గొంతు పూసుకుపోయిందన్నారు. ఆ సమయానికి రేడియో అక్కడే ఉంది. మెడపట్టీ మీద కత్తెర వేద్దామంటే పట్టీకీ చర్మానికీ మధ్య సందు లేదట. వీపు కిందినుంచి కోసుకుంటూ పైకొచ్చారు. మెడ దాకా వచ్చేసరికి పని అయిపోయింది. ఆ సంగతి చెప్పి రెండు రోజులు రేడియో నోరు విప్పలేదు. అది అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

మళ్ళీ వానలు మొదలయ్యాక చిన్నపిట్ట వచ్చింది. చేతిలో సంచీ. సంచీలో అక్క గౌను, వీపు పొడుగునా కోసేసి ఉంది.

"నన్ను పాడమన్నారు పిన్నీ. అదే హాలు. అక్క పాడాల్సిన పాటే. నాకిదే మొదటిసారి."

"మంచిదేగా."

"అక్కకి కుట్టినట్టే కుట్టు. రంగు, పువ్వు, అన్నీ."

"మెడ దించి కుడతానే అమ్మాయ్. ఆ పట్టీ వద్దు."

"పట్టీ ఉండాలి. అది లేకపోతే నేను అక్కలా ఎలా ఉంటాను?"

"అక్కలా ఎందుకుండాలి?"

సంచీ అవతల పీట మీద పెట్టి వెళ్ళిపోయింది. పాతికేళ్ళు లేని పిల్ల, మొదటి కచేరీ, వణికిపోతోంది. నేను మాత్రం ఎంతసేపు వాదించను. కుట్టడం మొదలుపెట్టా.

పెద్దపిట్ట గౌనప్పుడు మిగిలిన దారం కండెలు కొన్ని ఉన్నాయి. గౌను అంతా వాటితోనే నెట్టుకొచ్చా. సరిగ్గా మెడపట్టీ దగ్గర అయిపోయింది. రంగులద్దే ఆయన మూడుసార్లు వేసి ఇచ్చాడు, మూడుసార్లూ ఇటుక రంగే. మర్నాడు సాయంత్రం కచేరీ. వేరే దారి లేదు. సంచీలోంచి అక్క గౌను తీశాను.

గొలుసుకుట్టులో ఒక సుళువుంది. చివరి ముడి తెంపి కొస పట్టుకుని లాగితే వరసంతా బరబరా ఊడి వచ్చేస్తుంది. ఒకే దారం. కానీ అలా ఊడదీసిన పట్టుదారం వంకరలు తిరిగి ఉంటుంది. దానికి పాత కుట్టు గుర్తుంటుంది. నీళ్ళలో నానబెట్టి, పలకకి బిగించి చుట్టి, బాగా ఆరబెట్టాలి. అప్పుడు మర్చిపోతుంది. మర్చిపోకుండా కుడితే, కుట్టాక నెమ్మదిగా మళ్ళీ పాత వంకరకే ముడుచుకుంటూ బట్టని లాగేస్తుంది. మా పనిలో ఇది చంటిపిల్లలకి కూడా తెలుసు.

నాకూ తెలుసు. కానీ బయట కుండపోత. కరెంటు పోయింది. ఇస్త్రీ ఆయన బొగ్గులు తడిసి కొట్టు కట్టేసి వెళ్ళాడు. ఆ చెమ్మలో దారం ఆరాలంటే వారం పడుతుంది. ఒక్క మెడపట్టీకి ఏమవుతుందిలే అనుకున్నా.

తడపలేదు.

మధ్యాహ్నమే, కానీ కిటికీలోంచి వచ్చే వెలుతురు కడుగునీళ్ళలా ఉంది. రేడియో మెడపట్టీకి పెట్టే కొక్కేలు కొనడానికి బజారుకెళ్ళింది. నేనొక్కదాన్నే. పాత పట్టీ మీద ముడి తెంపి లాగుతుంటే టిక్కు టిక్కు టిక్కున ఊడి వస్తోంది, గోటితో పేను నొక్కినట్టు చప్పుడు. దారంతో పాటే లవంగం వాసన వచ్చింది. ఏడాది సంచీలో మూసిపెట్టిన బట్ట కదా, వాసన ఉంటుంది. కండెకి చుట్టుకుని పని మొదలుపెట్టా.

గుచ్చు, తగిలించు, లాగు. గుచ్చు, తగిలించు, లాగు. వాన చప్పుడుకి చెయ్యి అలవాటు పడిపోయింది. పట్టీ మీద ఆకులు ఒక్కొక్కటే ఎర్రగా లేస్తున్నాయి. పని ఇంత బాగా సాగడం ఈ మధ్య ఎరగను. సూది దిగడం ఆలస్యం, దారం అందుతోంది. మోకాలు పట్టేసింది. రుద్దుకుంటూనే కుడుతున్నా. గుచ్చు, లాగు. గుచ్చు, లాగు. రుద్దితే కాస్త హాయిగా ఉంది…

అప్పుడు చూశాను.

నా ఎడమచెయ్యి నా మోకాలి మీద ఉంది.

సూది దిగింది. దారం తగిలింది. కుడిచెయ్యి అలవాటు కొద్దీ లాగేసింది. గొలుసు పడింది.

ఆపాను. సూది బట్టలో సగం దిగి ఉంది. కింద దారం కాస్త బిగిసింది, తర్వాత వదులైంది. ఎవరో ఎదురుచూస్తున్నట్టు.

ముందు మా ఆయన గుర్తొచ్చాడు. వెంటనే అనుకున్నా, బతికున్నప్పుడు మంచినీళ్ళు అందించని మనిషి చచ్చాక దారం అందిస్తాడా. అంతే, ఆయన కాదని తేలిపోయింది. మరి ఎవరు?

వంగి మగ్గం కిందికి చూశా. చీకటి. నా చెప్పులు. దారం కండె నేల మీద ఉంది… మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. అవతల పీట మీద ఉండాల్సిన పూసల డబ్బాలు కింద ఉన్నాయి. వరసగా, పక్కకి జరిపి.

లేచి బయటికెళ్ళిపోవాలి. ఎవరైనా అదే చేస్తారు. కానీ పట్టీ సగమే అయింది, రేపు ఆ పిల్ల మెడకి ఏం కడతాను? ఎడమచెయ్యి మళ్ళీ కింద పెట్టాను. నెమ్మదిగా. వేళ్ళకి ఏమీ తగల్లేదు.

అప్పుడు బట్ట అడుగునుంచి… నా చేతికి జానెడు దూరంలో… టప్. టప్. టపటప్.

పూసలు గెంతాయి.

తలుపు తోసుకుని రేడియో వచ్చింది, నిలువునా తడిసి.

"ఏంటి వదినా, పాడుతున్నావా?"

"లేదు."

"వీధిలోకి వినిపించింది. నేనూ అనుకున్నాలే, నీ గొంతు కాదని. నువ్వు పాడితే వాన కూడా ఆగి వెనక్కెళ్ళిపోతుంది." గొడుగు మూలన పెట్టి మగ్గం మీదికి వంగింది. "అప్పుడే అయిపోయిందే."

చూశాను. పట్టీ పూర్తయి ఉంది. చివరి ఆకు దాకా. నేను సగంలో ఉన్నానని ఒట్టేసి చెప్పగలను.

ఆ మాట పైకి అంటే ఊరంతా ప్రసారం అవుతుంది. చివర ముడి వేసి, పట్టీ విప్పి తన చేతికిచ్చా. కత్తిరించి, లోపల మెత్తటి గుడ్డ వేసి అతుకుతూ ఏదో వాగుతూనే ఉంది. అందులో ఒక మాట నా చెవిన పడింది, బుర్రలోకి ఎక్కలేదు. "అడుగు కూడా బలే కుట్టావు వదినా, ఏది మొహమో ఏది వీపో తెలీడం లేదు."

నేను ప్రతిదీ తిప్పి చూస్తాను. ఆ రోజు చూడలేదు.

మర్నాడు సాయంత్రం ముస్తాబు గది. అద్దం చుట్టూ బల్బులు, పౌడరు వాసన, తడిసిన తెరల ముక్కిన వాసన. గోడ అవతల జనం సద్దు. చిన్నపిట్టకి గౌను తొడిగి, వెనక మెడపట్టీ కొక్కేలు నేనే పెట్టాను. వేలు దూరేంత వదులుంది, చూసే పెట్టాను. అద్దంలో చూసుకుని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"రంగు కారుతుంది, ఏడవకు," అన్నాను.

"అచ్చం అక్కలా ఉన్నాను కదా పిన్నీ."

"నీలాగే ఉన్నావు. గొంతు సరిచేసుకో."

సన్నగా రాగం తీసింది. గదిలో లవంగం వాసన వేసింది.

"లవంగం వేసుకున్నావా?"

"నాకు పడదు పిన్నీ. అది అక్క అలవాటు కదా…"

రేడియో నావైపు చూసింది.

చిన్నపిట్ట ఇంకాస్త పైకి పాడింది. మెడపట్టీ మీద పూసలు కదిలాయి. గొంతు కదిలితే కదులుతాయి, సహజమే. పాట ఆపింది… పూసలు ఆగలేదు. టప్. టప్. టపటప్.

"పిన్నీ, కాస్త బిగుతుగా…"

వేలు పెట్టి చూశా. గోరు కూడా దూరలేదు. కొక్కేలు విప్పబోతే లోపలికి కూరుకుపోయి ఉన్నాయి. పట్టీ కళ్ళముందే ముడుచుకుంటోంది. ఆకులు ఒకదాని మీదికి ఒకటి జరుగుతున్నాయి. దారానికి పాత కుట్టు గుర్తొస్తోంది.

పిల్ల మొహం నల్లబడింది. చేతులు కుర్చీని గీరుతున్నాయి. కళ్ళు మాత్రం అద్దంలోంచి నన్నే చూస్తున్నాయి, స్థిమితంగా. పెదాలు కదిలాయి. ఊపిరాడని మనిషికి అంత తీరిగ్గా మాట ఎలా వస్తుంది?

"మగ్గం పిన్నీ… దారం సరిపోయిందా?"

చిన్నపిట్ట నన్ను ఎప్పుడూ ఉత్త పిన్నీ అనే పిలిచింది.

"వదినా," రేడియో కత్తెర తీసి గుసగుసగా అంది. "వీపునుంచి కోసెయ్యనా…"

"వద్దు. అప్పుడూ అదే చేశారు."

మెడకీ పట్టీకీ మధ్య సందు లేదు. కానీ పట్టీకీ దాని లోపలి గుడ్డకీ మధ్య అతుకుంది. పై అంచున ఆ అతుకులోకి కత్తెర మొన దూర్చి తెంపాను. రెండు వేళ్ళతో పొరని విడదీసి లోపలికి చూశాను.

గొలుసు.

అడుగున ఉత్త గీత ఉండాలి. గొలుసు ఉంది. పైన నేను కుట్టింది పైనే ఉంది, లోపల, గొంతు వైపు మొహం పెట్టి, ఇంకోటుంది. సూది పట్టిన చెయ్యి ఆ రోజు నా ఒక్కదానిదే కాదు. కిందినుంచీ ఎవరో కుట్టారు. ఆ లెక్కన దారం అందించింది నేనే.

పై వరసకి నేను ముడి వేశాను. కింది వరసకి ఎవరు వేస్తారు? వేళ్ళతో తడిమాను. మెడ వెనక, కొక్కేల పక్కన, కొస దొరికింది. వదులుగా ఉంది. లాగాను.

టిక్కు. టిక్కు టిక్కు టిక్కు.

వచ్చింది. తడిగా వచ్చింది. నేను తడపని దారం. లాగుతున్నా, వస్తోంది… నేను పట్టీకి పెట్టినదానికన్నా ఎక్కువ వచ్చింది, ఒళ్ళో కుప్పపడింది, ఇంకా వస్తోంది. లాగుతున్నట్టు లేదు. అవతల నుంచి ఎవరో అందిస్తున్నట్టుంది.

ఉన్నట్టుండి బిగిసింది.

అటు లాగింది. దారం నా ఎడమచేతి వేలికి చుట్టుకుని చర్మంలోకి దిగింది. నా మొహాన్ని పట్టీ దగ్గరికి వంచేసింది. లవంగం ఘాటుకి కళ్ళు మండాయి.

"సరిపోయిందమ్మా," అన్నాను, పట్టీకి నోరు ఆనించి. "చాలు. వదిలెయ్. ఇది నీ చెల్లెలే."

గోడ అవతల ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

తర్వాత వేలి మీద పట్టు సడలింది. అట్నుంచి నా చేతివైపు మళ్ళినట్టు… మెత్తగా.

పట్టీ జారి పిల్ల భుజాల మీద పడింది. ఎండిన నూతిలోకి చేద వేసినట్టు చప్పుడు చేస్తూ ఊపిరి పీల్చుకుంది. మెడ చుట్టూ ఆకుల ముద్రలు. రేడియో కింద కూర్చుండిపోయి ఏడ్చింది.

కచేరీ మానేస్తుందనుకున్నా. మానలేదు. మంచినీళ్ళు తాగి, పట్టీ కోసేయించుకుని, బోసిమెడతో, ఆ ముద్రలతోనే వెళ్ళి పాడింది. అక్కలా పాడలేదని జనం అన్నారట. బాగా పాడిందని కూడా అన్నారట. ఆ పిల్లకి కావలసింది ఆ రెండో మాటే, తనకి తెలీలేదు అంతే.

నేను చూడటానికి వెళ్ళలేదు. ఆ గదిలోనే దారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. గోడలోంచి పాట వినిపిస్తోంది. వింటుంటే తెలిసింది, దగ్గర్లో ఎవరో తాళం వేస్తున్నారు. ఎక్కడా తప్పకుండా. చుట్టూ చూశా. ఎవరూ లేరు. కిందికి చూశా.

నా ఎడమచెయ్యి. మోకాలి మీద. టప్. టప్. టపటప్.

నాకు తాళం రాదు.

కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నా. ఆగింది.

ఆ దారం తీసుకెళ్ళి ఇస్త్రీ ఆయన బొగ్గుల్లో వేశాను. "ఏంటమ్మా, లవంగాలు కాలుస్తున్నావా?" అన్నాడు. బూడిదయ్యేదాకా నిలబడి చూశాను. మగ్గం విప్పి, కర్రలు గోడకి చేరేశాను. వేలు మానేదాకా పని వద్దనుకున్నా. వేలు మానింది. గాటు పూడింది. అయినా మళ్ళీ బిగించలేదు. మిషను పనిలో రేడియోకి సాయం చేస్తున్నా, రెండు ముద్దలు తింటున్నా. భయపడుతూ కూర్చుంటే కడుపు నిండదు.

ఇవాళ పొద్దున నా పాత నూలు జాకెట్టు వేసుకుంటే మెడ దగ్గర గరుకుగా తగిలింది. విప్పి తిప్పి చూశాను.

ఎర్రగా, గొలుసు. ఎడమ భుజం దగ్గర మొదలై, వీపు మీదుగా తిరిగి, కుడి భుజం దాకా వచ్చింది. ఇంకా ముందు వైపు మిగిలింది. చివర ముడి లేదు. పని పూర్తవలేదన్నమాట.

గొలుసు మొహం లోపలివైపు ఉంది. బయటివైపు ఉత్త గీత. అంటే సూది పట్టిన చెయ్యి లోపల ఉంది… దారం అందించిన చెయ్యి బయట.

కొస పట్టుకుని లాగుదామని చెయ్యి చాచి, ఆగాను.

మగ్గం గోడకి చేరేసే ఉంది. సూది ముట్టుకుని చాలా రోజులైంది. నా ఎడమచేతి చూపుడువేలికి గాటు పడి ఉంది. పచ్చిగా, ఎర్రగా.